నాకు గుర్తులేని నలభై రోజులు

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, హోసూరు పక్కన మత్తిగిరిలోని మా ఇంటి వంటగదిలో, నేను మా అమ్మను ముఖం మీద కుక్కర్ మూతతో కొట్టాను. ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. ఆ సంగతి నాకు గుర్తులేదు. అమ్మ తనంతట తాను చెప్పనూ లేదు. నలభై రోజుల తర్వాత నాకు తెలివి వచ్చినప్పుడు, మాట్లాడేటప్పుడల్లా ఆమె పెదవులకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూసి నేనే అడిగాను. గచ్చు మీద జారిపడినానంది.

ఇప్పుడు నా చేతులు వణకడం లేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. ఒక పేజీ చదివితే పైన ఏముందో కిందికి వచ్చేదాకా గుర్తుంటోంది. అందుకని రాస్తున్నాను. జరిగినదాన్ని ఒక వరుసలో పెట్టుకుంటే నాకు కొంత స్థిమితం వస్తుందని ఒక ఆశ. ఇంకెవరి ఇంట్లోనైనా మనిషి ఇలా మారిపోతే, మేం పోగొట్టుకున్నన్ని రోజులు వాళ్ళు పోగొట్టుకోకూడదని ఇంకొకటి.

నేను డెన్మార్క్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాను. మనుషుల రోజువారీ బతుకు, అలవాట్లు, నమ్మకాలు, వాటికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం, ఇదీ మా చదువు. జ్వరం వస్తే ఇంట్లో ముందుగా ఎవరు ఏం చేస్తారు, ఎవరి మాట వింటారు, ఏ నొప్పిని బయటికి చెప్పుకుంటారు, ఏది కొంగు కింద దాచుకుంటారు అని చూస్తాం. డాక్టరు చదువా అని మా పెద్దమ్మ అడిగింది. కాదన్నాను. నర్సు చదువా అంది. కాదన్నాను. అయితే రోగాల గురించి కబుర్లు చెప్పే చదువా అంది. ఇంచుమించు అంతే అన్నాను.

మొదటి ఏడాది మా జిల్లాలో గాలి సోకిందని మనుషులను తీసుకుపోయే చోట్ల గురించి ఒక వ్యాసం రాశాను. అలాంటి చోటికి నేనెప్పుడూ పోలేదు. చిన్నప్పుడు విన్నవీ, పుస్తకాల్లో చదివినవీ కలిపి రాశాను. అక్కడ పడే దెబ్బను హింసగా చూడకూడదు, ఆ సమాజం మాట్లాడే ఒక భాషగా చూడాలి అన్నాను. మా గైడ్ కిర్‌స్టెన్ ఆ వాక్యం కింద గీత గీసి, చాలా బాగుందని రాసింది. ఆ కాగితాన్ని నా గది గోడకు అంటించుకున్నాను.

ఆమె నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎవరినీ నీకేం జబ్బు అని అడగకూడదు. ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పండి అని అడిగి ఊరుకోవాలి. ఇక్కడ నేను రాస్తున్నదాంట్లో నాకు గుర్తులేని భాగమంతా ఇంట్లోవాళ్ళను అదే ప్రశ్న అడిగి రాబట్టినది.

*

జనవరిలో హోసూరుకు వచ్చాను. ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్ళు ఒళ్ళునొప్పులను ఎలా భరిస్తారు, ఎవరితో చెప్పుకుంటారు అన్నది నా పరిశోధన. ఇంట్లో అమ్మ, అన్న మునిరాజు, సుజాత వదిన. నాన్న నేను పదో తరగతిలో ఉండగానే పోయాడు. అన్న బండ్ల కంపెనీలో వెల్డరు. వదినది పలమనేరు. పెళ్ళికి ముందు నుంచే హోసూరులో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. మా ఇంట్లో ఆమె మాట అప్పటికి ఇంకా కొత్తకోడలి మాటే.

మూడు వారాలు బాగానే తిరిగాను. తర్వాత తలనొప్పి పట్టుకుంది. రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది. ఆపైన నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూసుకుంటే చాలు, లోపల ఎవరో లైటు వేసినట్టుండేది. కంపెనీ గేటు దగ్గర నాతో మాట్లాడే ఆడవాళ్ళు నేను అడగబోయే మాట ముందే ఒకరికొకరు చెప్పుకుంటున్నారని అనుమానం వచ్చింది. నా నోటు పుస్తకం చివరి పేజీల్లో ఒకే వాక్యం పదకొండుసార్లు ఉంది: ‘వీళ్ళు నా గొంతు తీసుకుపోయారు.’ అక్షరాలు మొదటిసారి ముత్యాల్లా ఉన్నాయి. చివరిసారి కాగితం చినిగింది.

నాకు మిగిలిన ఆఖరి జ్ఞాపకం షేర్ ఆటో. బస్టాండు నుంచి మత్తిగిరికి వస్తున్నాం. ఎదురుగా కూర్చున్న ఒకామె ఫోన్ చూసి నవ్వింది. నన్ను చూసే నవ్వుతోందని ఆమె చెవి మీద నా చేతిలోని నీళ్ళ సీసాతో కొట్టాను. స్టీలు సీసా. చెవి తమ్మె తెగి రక్తం మెడ మీదుగా జాకెట్టులోకి దిగింది. పక్కనున్నవాళ్ళు నా జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి లాగారు. ఎవరో కడుపులో తన్నారు. నాకు నొప్పి తెలియలేదు. ఆ నవ్వు ఆగినందుకు సంతోషం మాత్రం తెలిసింది.  ఆమె ఎవరో తెలియదు. వెతికాను, దొరకలేదు.

*

మంగళవారం సంగతి వదిన చెప్పింది. నాలుగు రోజులుగా నేను నిద్రపోలేదు, తినలేదు. అమ్మ ఉప్మా గిన్నె పట్టుకుని ఒక్క ముద్ద తినమని బతిమాలింది. మూత నా చేతికి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదట. అమ్మ పొయ్యి పక్కన కూలబడింది. రెండోసారి ఎత్తేలోగా అన్న నన్ను వెనక నుంచి పట్టుకున్నాడు. అతని ముంజేతిని కరిచి, కండ నోట్లోకి వచ్చేదాకా వదల్లేదు. గదిలో వేసి గడియ పెడితే, గడియ వంగేదాకా తలుపును నుదుటితో బాదాను.

దగ్గర్లోని క్లినిక్కులో నిద్రకు సూది వేశారు. లేచాక మరింత చెడ్డాను. చదువు ఎక్కువై మతి చెడిందని వీధిలో అనుకున్నారు. మా మేనమామ వచ్చి చూసి, ఊత్తంగరై దాటాక ఒక సామి ఉన్నాడని, ఇలాంటివాళ్ళు ఎందరో బాగై పోయారని చెప్పాడు. మెదడు డాక్టరుకు చూపిద్దామని వదిన అంది. అమ్మ నోటికి తువ్వాలు అదుముకుని, ముందు ఆడికే పోదామంది. అన్న ఏమీ అనకుండా కారు మాట్లాడాడు. అమ్మ చీరతో నా చేతులు వెనక్కి కట్టింది కూడా అన్నే.

అది మామిడితోపులో ఒక రేకుల షెడ్డు. పాతిన ఇనుప కంబాలకు మనుషులను కాలి గొలుసుతో కట్టేస్తారు. నేను పోయేసరికి నలుగురున్నారట. సామి యాభై ఏళ్ళ మనిషి, బలిష్ఠుడు. నువ్వెవరు, యాడ నుంచి వచ్చినావని తమిళంలో అడుగుతూ జుట్టు మెలిపెట్టి, ముక్కు కింద ఎండుమిరపకాయల పొగ పెట్టాడు. నేను ఉమ్మాను. అతను చింతబరికెలు మూడు కలిపి పేనిన కొరడా తీశాడు.

మూడు రోజులు. రెండో రోజు నా నోరు తనంతట తాను నమలడం మొదలుపెట్టింది. నోట్లో ఏమీ లేదు. నాలుక బయటికి వస్తోంది, పోతోంది. ఒక చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయి గాలిలో నిలిచింది. అందరూ దయ్యం తింటోందన్నారు. వదిన దాన్ని ఫోన్లో తీసింది. మూడో రోజు పొద్దున నేను నేల మీద పడి కొట్టుకున్నాను. నాలుక తెగి నోటినిండా రక్తం. దయ్యం ఇంక పోతా ఉంది, భయపడొద్దని సామి అన్నాడు. వదిన ఎవరికీ చెప్పకుండా తోపులోంచి రోడ్డుకు నడిచి, బస్సెక్కి కృష్ణగిరిలో పెద్దాస్పత్రికి పోయింది.

అక్కడ వయసులో చిన్నదైన ఒక డాక్టరమ్మ ఆ వీడియో మొదటి నిమిషం రెండుసార్లు చూసిందట. రెండోసారి శబ్దం తీసేసి చూసింది. ముందు జ్వరం వచ్చిందా, నిద్ర ఎప్పటి నుంచి లేదు అని అడిగింది. ఇది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు, మెదడు వాచి ఉండొచ్చు, ఇప్పుడే తీసుకురండి అని వదినను ఎక్కించి అంబులెన్సు పంపింది.

అంబులెన్సు తోపు దగ్గర ఆగితే, మధ్యలో తీసుకుపోతే పిల్ల చస్తుందని సామి మనుషులు అడ్డం నిలబడ్డారు. అప్పటిదాకా నోరు విప్పని మా అన్న, పొయ్యిలోని రాయి ఒకటి పెరికి గొలుసు తాళాన్ని బాదసాగాడు. ఒకడు వెనక నుంచి కట్టెతో కొట్టాడు. అన్న తిరిగి అదే రాయితో వాడి మూతి పగలగొట్టాడు. తర్వాత నలుగురు కలిసి అతన్ని కింద వేసి తొక్కారు. ప్రక్కటెముకలు రెండు విరిగాయి. ఆ గొడవలో తాళం విరగ్గొట్టి తీసింది అంబులెన్సు డ్రైవరు. విరిగిన ఎముకలతోనే అన్న నన్ను భుజాన వేసుకుని రోడ్డుదాకా మోశాడు.

*

కృష్ణగిరిలో రెండు రోజులు ఉంచి బెంగళూరుకు పంపారు. జబ్బు పేరు పెద్దది. మావాళ్ళకు అక్కడి డాక్టరు చెప్పిన మాట మాత్రం చిన్నది: ఒంటిని కాపాడవలసిన బలగమే దారి తప్పి మెదడు మీద పడింది. అండాశయంలోని ఒక గడ్డ దానికి కారణమని తేలి, దాన్ని తీసేశారు. మిగతా వివరాలు నాకూ సరిగా తెలియవు.

ఐసీయూ బయట మావాళ్ళు ముగ్గురూ మూడు కుర్చీల్లో, మధ్యలో ఒక్కో కుర్చీ వదిలి కూర్చునేవాళ్ళట. అమ్మ నోరు వాచి గంజి తప్ప తినలేకపోయింది. అన్న దగ్గితే కళ్ళల్లో నీళ్ళు. మొదటిరోజే డాక్టరు దగ్గరికి పోయుంటే ఇంతదాకా వచ్చేదా అని వదిన అంటే, నువ్వు బయట నుంచి వచ్చినదానివి, నా బిడ్డ గురించి నీకేం తెలుసని అమ్మ అంది. ఆ మాటకు అన్న లేచి గోడను గుద్దాడు. తర్వాత వారం రోజులు ముగ్గురి మధ్యా మాటల్లేవు. నాకు రక్తం పరీక్షకో, మందులకో పిలిచినప్పుడు మాత్రం ముగ్గురూ ఒక్కసారే లేచేవాళ్ళట.

లోపల నేను ముగ్గురు నర్సులను గిల్లి గాయపరిచాను. మేరీ అనే ఆయాను కరిచాను. నా రెండు చేతులూ మంచానికి కట్టక తప్పలేదు. ఆ కట్టు గుడ్డ రాసుకుని మణికట్లు పుండ్లు పడితే, మేరీ తన ఇంటి నుంచి మెత్తటి పాత నూలు చీర చింపి తెచ్చి, దాంతో కట్టింది. పూటకొకసారి కట్టు విప్పి తడిగుడ్డతో తుడిచేది. నాకు తిరిగి వచ్చిన మొదటి జ్ఞాపకం అదే: మణికట్టు మీద చల్లగా తడి, పైన ఒక నల్లటి గుండ్రటి ముఖం.

“తెలివి వచ్చినాదా తల్లీ? చూడు, నన్ను యాడ కరిచినావో,” అని చెయ్యి చూపింది. ఆ మచ్చలో నా పళ్ళ వరుస మొత్తం ఉంది. నాకు ఏడుపొచ్చింది. “ఏడవద్దు. ఇంగ గంజి తాగు. ఆ పళ్ళకి పని చెప్పు,” అంది.

*

ఏప్రిల్లో ఇంటికి వచ్చాను. చెంచా పట్టుకోవడం, కాలకృత్యాలు, అక్షరాలు, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. ‘దువ్వెన’ అనే మాట కోసం ఒక పూటంతా వెతుక్కున్నాను. వీపు మీద చారలు స్నానం చేసేటప్పుడు వేళ్ళకు తగిలేవి. ఎవరు కొట్టారంటే సామి అన్నారు ముగ్గురూ. అమ్మ పళ్ళ సంగతి వదిన నోటి నుంచి ఆ నెలలోనే బయటపడింది. నేను ఆమె కాళ్ళు పట్టుకుంటే, వదిలేయమని అమ్మ అంది.

జూన్‌లో, కాస్త నిలదొక్కుకున్నాక, వీడియో చూపమని వదినను అడిగాను. ఆమె వద్దంది. నా జబ్బును నేను చూడకపోతే ఎవరు చూస్తారని పట్టుబట్టాను. డాక్టరు చూసింది మొదటి నిమిషమే. మొత్తం పదకొండు నిమిషాలుంది. ఐదో నిమిషంలో కొరడా పట్టుకున్న చెయ్యి కనబడింది. అరిగిన ఇత్తడి గాజులు. కొరడా లేచినప్పుడు గాజులు మోచేతిదాకా జారుతున్నాయి, దిగినప్పుడు గలగలమంటున్నాయి. అది మా అమ్మ చెయ్యి.

అమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను చేతికందిన ఇత్తడి చెంబు తీసి విసిరాను. ఆమె తలకు జానెడు పక్కన గోడకు తగిలి పెచ్చు ఊడింది. అది జబ్బు కాదు. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను, మెదడు బాగుందని డాక్టర్లు చెప్పారు. అది నేనే, నా పూర్తి తెలివిలో.

అమ్మ అరవలేదు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని, తర్వాతి దెబ్బ కోసం అలాగే ఉండిపోయింది. అంత తొందరగా, అంత అలవాటుగా ఆమె ముడుచుకోవడం చూశాను. నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. నాకు వచ్చిన ఒకే ఒక్క విద్యను వాడాను.

“ఆ దినం పొద్దున లేచినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా,” అన్నాను.

అమ్మ చిక్కుడు తొక్కలు ఒకచోటికి జరుపుతూ చెప్పింది. “మొదటి దినం ఆయప్ప నాలుగు దెబ్బలు కొట్టినాడు. నాలుగో దెబ్బకి నీ వీపు చిట్లింది. ఆయప్ప చెయ్యి శానా బరువు. ఇంగ రెండు దినాలు ఆయప్ప కొడితే నువ్వు బతకవనిపించింది. కొట్టకుంటే దయ్యం పోదంటాడు. అందుకని, కన్నతల్లిని కదా, నేనే కొడతాను సామీ అని కొరడా అడిగి తీసుకొన్నాను.”



“అన్నీ మెల్లగా కొట్టినానని చెప్పను,” అంది అమ్మ. “రెండు మాత్రం కోపంతో కొట్టినాను. నోరు వాచి నీళ్ళు కూడా మింగలేక ఉన్నాను. దయ్యమో గియ్యమో, నా కడుపున పుట్టిందే నన్నిట్ల చేసిందే అని కొట్టినాను. అవి యావో నీ వీపు మీద నాకు తెలుసు.”

అంతకుముందు ఎన్నడూ ఆమె అంత వివరంగా ఏదీ చెప్పలేదు. వారం రోజులు మేం పెద్దగా మాట్లాడుకోలేదు. అమ్మను క్షమించావా అని వదిన అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అమ్మ నన్ను క్షమించిందా అనీ నేను అడగలేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం అమ్మ వదిన పక్కన కూర్చుని, ఆస్పత్రిలో తాను అన్న మాట తప్పని, ఆ దినం నువ్వు బస్సెక్కకపోతే బిడ్డ పోయేదని చెప్పింది. వదిన తల ఊపింది.

జూలైలో కిర్‌స్టెన్‌తో వీడియోలో మాట్లాడాను. తొందర లేదు, ఏడాది ఆగి రమ్మంది. నా పాత వ్యాసంలో ఆ వాక్యం తప్పని చెప్పాను. తప్పా, సగం నిజమా అని ఆమె అడిగింది. కొట్టేవాళ్ళకు అది భాషే అయి ఉండొచ్చు, మా అమ్మ అందులో ఏదో చెప్పింది కూడా, కానీ ఆ వాక్యం రాసిన రోజున నాకు వీపు లేదు అన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. ఇప్పుడు ఆ కంపెనీ ఆడవాళ్ళ గురించే మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. ఎవరి నొప్పి గురించి రాసినా, వాక్యం మరీ అందంగా వస్తే కొట్టేస్తున్నాను.

ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. తలనొప్పి, జ్వరం తర్వాత నిద్ర పట్టక, ఉన్నట్టుండి మనిషి మరొకరైపోతే, మూర్ఛ వస్తే, నోరో చెయ్యో తనంతట తాను కదులుతుంటే, దాన్ని ఫోన్లో తీసి మెదడు డాక్టరుకు చూపండి. మొక్కులున్నా తర్వాత తీర్చుకోవచ్చు.

*

ఆగస్టులో నేను మళ్ళీ ఆ మామిడితోపుకు పోయాను. అన్న వద్దన్నాడు. పోలీసులకు రాసిచ్చాం కదా, చాలదా అన్నాడు. వదిన వస్తానంది. చెప్పులు వేసుకుంటుంటే అమ్మ కూడా కొంగు సర్దుకుని బయటికి వచ్చి నిలబడింది.

షెడ్డులో ముగ్గురున్నారు. నన్ను కట్టేసిన కంబం ఏదో వదిన చూపింది. దానికి నలభై ఏళ్ళ మనిషి ఒకతన్ని కట్టేశారు. చొక్కా లేదు. కొత్త దెబ్బల మీద ఈగలు. అతని భార్య పక్కన కూర్చుని కొంగుతో వాటిని తోలుతోంది. తెలుగువాళ్ళే, కూలి చేసుకునేవాళ్ళు. అతను ఏదో గొణుగుతున్నాడు. నోరు కదులుతోందా అని నేను దగ్గరికి వంగాను. నాకంత తెలియదు, చెప్పలేను. ఆమెను ఆ రోజు పొద్దున నుంచి ఏం జరిగిందని అడగబోయేలోగా సామి వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. వదిన చేతిలోని ఫోను లాక్కుని రాయికేసి కొట్టాడు. నన్ను భుజం పట్టి తోస్తే వెల్లకిలా పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది.

అమ్మ సామి వైపు చూడలేదు. నా వైపు కూడా రాలేదు. ఆ భార్య పక్కన చతికిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నెమ్మదిగా మాట్లాడింది.

“ఇదో, ఈమె నా బిడ్డ. దీన్ని ఇదే కంబానికి కట్టి నా చేత్తో కొట్టినాను. ఏ దయ్యమూ పోలేదమ్మా. తలకాయలో జబ్బు. ఆస్పత్రిలో పోయింది.”

సామి పొమ్మని అరుస్తున్నాడు. అతని మనుషులిద్దరు అమ్మ రెక్క పట్టి లేపారు. ఆ భార్య నా మోచేతి నుంచి కారుతున్న రక్తం చూసింది, నా ముఖం చూసింది, భర్త వీపు చూసింది. తర్వాత లేచి నిలబడి మా అమ్మను అడిగింది.

“అక్కా, ఆ ఆస్పత్రికి యాడ బస్సు ఎక్కాల?”